సైరన్‌కి కాస్త కిందుగా

“జావ నాకొద్దని నిన్నా చెప్పాను, మొన్నా చెప్పాను. ఈ ఇంట్లో చెవులన్నీ బాజాలకేనా? మనిషి మాటకి లేవా?” అంటూ సుందరరావు గిన్నెని వేలితో అవతలికి నెట్టాడు.

“చెవులున్నాయి కాబట్టే జావ కాశాను,” అంది లీలావతి. “రాత్రి జంతిక కొరికి మీరు మూలిగింది వంటింట్లోకి వినబడింది.”

“నాలిక కరుచుకున్నాను.”

“రోజూ కరుచుకుంతన్నావేటిరా? నాలికేటి, సెరుకు ముక్కా?” అంది దాలమ్మ మంచం మీంచి.

దాలమ్మ సుందరరావుకి అక్క. భర్త పోయాక విజయనగరం వదిలి రాయపూర్ రైల్వే కాలనీలో తమ్ముడి దగ్గర ఉండిపోయింది. ఇంట్లో గొడవ వస్తే ఎవరి పక్షమూ చేరకుండా అందరినీ సమానంగా పొడవడం ఆవిడ అలవాటు.

సుందరరావు పంతం కొద్దీ డబ్బా మూత తీసి జంతిక అందుకున్నాడు. ముందు పళ్ళతో కొరకలేదు. చేత్తో విరిచి, ముక్కని బుగ్గలోకి తోసి, దవడ పళ్ళ కింద పెట్టి మెల్లగా నలిపాడు. నమిలినంతసేపూ ఎడమ కన్ను సగం మూసుకునే ఉంది.

లీలావతి చూసింది. చూసినట్టు తెలియకుండా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళబోతుంటే, నైట్ డ్యూటీ నుంచి వచ్చిన కోడలు సంధ్య గుమ్మంలో చెప్పులు విడుస్తోంది.

“మావయ్యగారూ, నిన్న కూడా రాలేదు. పళ్ళ డాక్టరు నన్ను పిలిచి మరీ అడిగారు. మూడోసారి ఇది. వార్డులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“కచేరీ అవనీ అమ్మా. అయిన మర్నాడే వస్తాను.”

“ఆ ముందు పళ్ళు రెండింటి చిగుళ్ళలో చీము పట్టింది. ఇంకా ఆగితే పక్క పళ్ళకి కూడా పాకుతుంది.”

“తీసేస్తే మళ్ళీ ఎప్పుడు వాయిస్తాను?”

సంధ్య రెండో చెప్పు కూడా విడిచింది. ఆసుపత్రిలో రోజూ రోగులకి చెప్పే సంగతే అయినా ఈ మనిషికి చెప్పడం వేరు. “పుండు మానాలి. కట్టుడు పళ్ళు పెట్టాలి. అవి అలవాటు కావాలి. నెలలు పడుతుంది మావయ్యగారూ.”

“కచేరీ వచ్చే శనివారం,” అన్నాడు సుందరరావు. అక్కడితో ఆ మాట అయిపోయినట్టు పేపరు విప్పుకున్నాడు.

లీలావతికి ఇద్దరి మాటా సబబుగానే తోచింది. అదే కష్టం.

శాక్సఫోన్ నోటితో కాదు, పళ్ళతో నిలుస్తుందని పెళ్ళయిన కొత్తలో ఆయనే చెప్పాడు. పై పళ్ళు రెండూ మౌత్‌పీస్ మీద ఆనాలి. కింది పెదవి దిండులా రీడ్ అనే రెల్లు బిళ్ళ కింద ఒదగాలి. ఊపిరి ఎంత ఉన్నా ఆ రెండు పళ్ళ ఆసరా లేకపోతే స్వరం కుదురుగా ఉండదు. అందులోనూ ఆయన వాయించేది బారిటోన్. మెడకి పట్టీ వేసుకుని ఎత్తితే మోకాలి దాకా దిగుతుంది. దాలమ్మ దాన్ని పొగగొట్టం అంటుంది.

ఆ పొగగొట్టం ఒకప్పుడు పెళ్ళి బ్యాండు వాళ్ళ గోదాములో సొట్టలు పడి మూలుగుతుండేది. వ్యాగన్ రిపేరు వర్క్‌షాపులో ఫిట్టరు సుందరరావు దాన్ని ఇంటికి తెచ్చి, సొట్టలు తీసి, తోలు బిళ్ళలు తనే కోసి అతికించి, మొదటిసారి ఊదిన రోజు లీలావతికి ఇప్పటికీ గుర్తు. సామాన్ల గూట్లో గ్లాసులు గలగలమన్నాయి. చంకలో ఉన్న కొడుకు శామ్సన్ ఏడవలేదు, నోరు తెరిచి చూశాడు.

తరవాత ఆ పిల్లాడికే దానికన్నా కాస్త చిన్నదైన టెనర్ నేర్పాడు. ఇప్పుడు వాడు స్కూల్లో లెక్కలు చెప్తూ సాయంత్రాలు టెనర్ వాయిస్తాడు. వెనక లైను మల్లేశ్వరరావు గారబ్బాయి గిరిధర్ సన్నాయి పిచ్చితో వస్తే, ఆ చేతిలో సన్నాయిలా సన్నగా పలికే సోప్రానో పెట్టాడు. కాకినాడ చర్చి క్వయిర్‌లో రెండో గొంతు పాడిన సంధ్య కోడలై వచ్చాక ఆల్టో ఆమెది అయింది. నాలుగు శాక్సఫోన్లు, నాలుగు గొంతులు. అదొక జట్టు. వాళ్ళు వాయించేది పెళ్ళిపాటలు కాదు, సినిమా పాటలు కాదు. ఎప్పుడో ఐరోపాలో రాసిన సంగీతాన్ని సుందరరావు వర్క్‌షాపు బల్ల మీద పనిముట్లు సర్దినట్టు నలుగురికీ సర్ది ఇస్తాడు. రాయపూర్‌లో అలాంటిది ఇంకొకటి లేదు. చుట్టుపక్కల ఎక్కడా లేదని గిరిధర్ అంటాడు.

లీలావతికి స్వరాలు చదవడం రాదు. కానీ ముందుగదిలో ఆ నలుగురూ మొదలుపెట్టే క్షణం ఆమెకి ఎప్పుడూ కొత్తే. చెయ్యి ఊపి మొదలుపెట్టించే మనిషి ఉండడు. గిరిధర్ ముక్కుతో ఊపిరి తీస్తాడు. ఆ చప్పుడుతోనే మిగతా ముగ్గురి భుజాలూ లేస్తాయి. ఒక్క ఊపిరిని నలుగురూ పంచుకున్నట్టుంటుంది. వంటింట్లో ఆమె కూడా తెలియకుండా ఊపిరి తీసి నిలబడిపోతుంది. పోపు మాడిన రోజులున్నాయి.

అలాంటి జట్టుని శంకర్ నగర్‌లో కొత్త హాలు వాళ్ళు పిలిచారు. కోల్‌కతా నుంచి పియానో వాయించే ఆవిడ వస్తోంది. ఆఖరి అంశం ఆవిడా, వీళ్ళు నలుగురూ కలిసి. దాని కోసమే పోయిన శనివారం చర్చిలో కీబోర్డుతో కలిపి చూసుకున్నారు. ఒక్క వరస కూడా కలవలేదు. కీబోర్డు చెడిపోయిందని తేల్చుకుని, మొహాలు వేలాడేసుకుని ఇంటికొచ్చారు. అప్పటి నుంచీ ఇంట్లో ఒకరి మాట ఒకరికి ముల్లులా ఉంది.

సంధ్య నిద్రకి వెళ్తూ వెళ్తూ శామ్సన్‌ని వంటింటి వెనక వరండాలోకి లాగింది. బియ్యం ఏరుతున్న లీలావతి అక్కడ ఉందని ఇద్దరికీ పట్టలేదు.

“చెప్పేయొచ్చుగా?”

“ఏమని? నువ్వు కింద పలుకుతున్నావు నాన్నా అనా?”

“అదే.”

“నువ్వు చెప్పు.”

“నేను కోడల్ని.”

“నేను కొడుకుని.” శామ్సన్ స్కూలు బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. “మనకి స్వరం ఇచ్చేది ఆయన సంధ్యా. చిన్నప్పట్నుంచీ అంతే. పెద్ద వాయిద్యం ముందు పలుకుతుంది, మిగతావి దాన్ని చూసుకుని సర్దుకుంటాయి. ఆయన ఎక్కడ నిలబడితే మనకి నేల అక్కడే. నేల తప్పని ఎలా అనమంటావు?”

“నీ మౌత్‌పీస్ చూసుకున్నావా? కార్కు మీద ఎంత బయటికి లాగావో? ఇంకాస్త లాగితే ఊడి ఒళ్ళో పడుతుంది. నాదీ అంతే. కిందికి దిగి ఆయన్ని అందుకోడానికి లాగుతూనే ఉన్నాం.”

“ఛోడో ఇప్పుడు. నాకు ఫస్టు పీరియడ్ ఉంది.”

శామ్సన్ వెళ్ళిపోయాడు. సంధ్య అక్కడే కాసేపు నిలబడి, బియ్యం చాటతో ఉన్న అత్తగారిని అప్పుడు చూసింది. సంధ్య వంగి చాటలోంచి ఒక మెరిక తీసి పారేసి, పడుకోడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం గిరిధర్ పెందలాడే వచ్చాడు. బండి వెనక తాళ్ళతో కట్టిన పెద్ద కీబోర్డు. ఆఫీసులో స్నేహితుడిదట.

“ఇది మంచిది పిన్నిగారూ. చర్చి దానిలా డొక్కుది కాదు. ఇవాళ తేలిపోతుంది.” వంటింటి గడప దగ్గర నిలబడి మంచినీళ్ళు తాగాడు.

“పెందలాడే వచ్చేశావే గిరీ? ట్రాఫిక్ లేదా ఇవాళ?”

“ట్రాఫిక్కా? నేనెప్పుడూ ఈ టైముకే రాగలను. మాస్టారు ఆరింటికి రమ్మన్నారని ఆఫీసు కింద చాయ్ కొట్లో కూర్చుంటున్నాను. తాగి తాగి కడుపులో మంట పట్టుకుంది.”

లీలావతి చేతిలో గరిటె ఆగింది. “నీకు శంకర్ నగర్ నుంచి వచ్చేసరికి ఆలస్యం అవుతోందనే కదా టైము మార్చింది?”

“నాకా?” గిరిధర్ నవ్వాడు. “మీకు సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూటం ఉంటోందని, మీకు ఇబ్బంది అవుతుందని మార్చామన్నారు నాతో.”

ఆడవాళ్ళ కూటం గురువారం మాత్రమే. అది గిరిధర్‌కి తెలియదు, సుందరరావుకి తెలుసు.

గిరిధర్ ముందుగదిలోకి వెళ్ళాక లీలావతి పొయ్యి తగ్గించి నిలబడింది. దసరా దాకా రిహార్సల్ సాయంత్రం సైరన్‌తోనే మొదలయ్యేది. వర్క్‌షాపు విడిచే వేళకి సైరన్ గుర్రుమంటూ లేచి, ఎక్కి, ఒకచోట నిలబడుతుంది. అది నిలబడగానే సుందరరావు బారిటోన్ అందుకుని దానికి కిందుగా, సరిగ్గా దాని కాళ్ళ దగ్గర, అదే స్వరం పెట్టేవాడు. పైన సైరన్, కింద ఈయన. మధ్యలో ఆ ముగ్గురూ వచ్చి ఒదిగేవాళ్ళు. ఆయన రిటైరైనప్పటి నుంచీ అదే మొదలు. ‘ఈ కాలనీలో అబద్ధం ఆడంది ఇదొక్కటేరా,’ అనేవాడు పిల్లలతో.

దసరా తరవాత సైరన్ అయిపోయిన చాలాసేపటికి గానీ కుర్చీలు వేయనివ్వడం లేదు.

ఒకరికి ట్రాఫిక్ అని, ఒకరికి ప్రార్థన అని చెప్పాడు. ఎందుకు చెప్పాడో లీలావతికి అర్థమైంది. అర్థమైనందుకు సంతోషం వెయ్యలేదు. సైరన్ ముందు నిలబడలేక ఆ మనిషి రోజూ దానికి చాటుగా తప్పుకుంటున్నాడు.

ఆమె వెళ్ళి ముందుగదిలో కుర్చీలు వేసింది. అది ఆమె పని. నాలుగు కుర్చీలు, చంద్రవంక లాగా. గిరిధర్‌ది కిటికీ వైపు. పక్కన సంధ్య, తరవాత శామ్సన్. గోడ వారగా, చేతులు లేని పాత టేకు కుర్చీ సుందరరావుది. కీబోర్డుని గిరిధర్ దాలమ్మ మంచం మీదే పెట్టాడు.

“నా పక్కలో పడుకోబెడతన్నావేటిరా దీన్ని?” అంది దాలమ్మ.

“కాసేపే పెద్దమ్మా. మీ పక్కనుంటే బుద్ధిగా పలుకుతుంది.”

సంధ్య నిద్రమొహంతో వచ్చి కూర్చుంది. శామ్సన్ రీడ్ నోట్లో పెట్టుకుని తడుపుకుంటున్నాడు. సుందరరావు బారిటోన్‌ని ఒళ్ళోకి తీసుకున్నాడు కానీ నోటి దాకా ఎత్తలేదు. గోడ గడియారం వంక చూశాడు. మళ్ళీ చూశాడు.

“ముందు టీ తాగుదాం,” అన్నాడు.

“ఒక్కసారి కలిపి చూద్దాం మాస్టారూ. తరవాత తాపీగా తాగుదాం.”

“లేదులే. లీలా, అందరికీ టీ పెట్టు.”

ఆయన తల తిప్పి ఆమె వంక చూశాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఆమెని ఇది చెయ్యి అది చెయ్యి అన్నాడు గానీ, చూపుతో ఏదీ అడిగి ఎరగడు. ఇప్పుడు అడిగాడు. టీ పెడితే చాలు. నీళ్ళు మరిగి, పాలు పోసి, గ్లాసులు సర్ది తెచ్చేసరికి సైరన్ వచ్చి వెళ్ళిపోతుంది. ఈ రోజు గడుస్తుంది. రేపటిది రేపు.

పొయ్యి మీద పాలు అప్పుడే పొంగాయి. మీగడ కడుతున్నాయి.

“పాలు విరిగిపోయాయండీ,” అంది లీలావతి. “మీరు మొదలుపెట్టండి.”

సుందరరావు ఇంకా ఒక క్షణం ఆమె వంకే చూశాడు. తరవాత మౌత్‌పీస్ నోట్లో పెట్టుకున్నాడు.

స్వరం వచ్చింది. లావుగా, వెచ్చగా, నేలలోంచి వచ్చినట్టు. పళ్ళు సలుపుతున్న మనిషి ఊదుతున్నాడని ఎవరూ అనుకోరు. శామ్సన్ కలిశాడు. సంధ్య కలిసింది. పైన గిరిధర్ సన్నగా వచ్చి వాలాడు. నాలుగూ ఒకటే అయ్యాయి. ఎక్కడా అతుకు లేదు. తలుపుకి ఆనుకుని నిలబడ్డ లీలావతికి వీపులోకి ఆ కంపం పాకింది. ఇంత అందమైనదాన్ని తప్పు అనడం ఎలాగ అనుకుంది.

గిరిధర్ ఒక చేత్తో సోప్రానో పట్టుకునే, రెండో చెయ్యి చాచి కీబోర్డు మీద మెట్టు నొక్కాడు.

అద్దం మీద మేకు గీసినట్టయింది. కీబోర్డు పైన ఉంది. వాళ్ళు నలుగురూ కలిసికట్టుగా, ఎంతో పొందికగా, దానికి కాస్త కిందుగా ఉన్నారు.

అందరూ ఆపేశారు.

“ఓల్టేజీ,” అన్నాడు గిరిధర్, ఎవరి మొహమూ చూడకుండా. “ఈ కాలనీలో సాయంత్రం కరెంటు బాగా డౌన్ ఉంటుంది మాస్టారూ.”

“కీబోర్డుకి ఓల్టేజీ ఏంటి గిరీ?” అంది సంధ్య.

“నీకు తెలీదులే,” అన్నాడు శామ్సన్.

“ఏం తెలీదు? చర్చిలోదీ ఇలాగే ఉంది, ఇదీ ఇలాగే ఉంది. రెండూ ఒకేలా చెడిపోతాయా?”

“సంధ్యా, బస్, ఇక చాలు.”

ఆ మాట ఇంకా గదిలో ఉండగానే కాలనీ అవతల సైరన్ గుర్రుమంది.

మెల్లగా లేచింది. ఎక్కింది. ఎప్పుడూ నిలబడేచోటే నిలబడింది. గిరిధర్ వేలు ఇంకా మెట్టు మీదే ఉంది. తీయడం మరిచిపోయాడు. సైరనూ, కీబోర్డూ రెండూ ఒక్క స్వరం మీద, ఒకదాని మీద ఒకటి వాలి పలికాయి.

సుందరరావు కళ్ళు మూసుకుని సైరన్ కిందకి బారిటోన్ స్వరం పెట్టాడు. అంత ధైర్యం ఎక్కడ నుంచి వచ్చిందో లీలావతికి తెలియదు. ఎప్పుడూ పెట్టినట్టే పెట్టాడు. అది అందలేదు. పెదవి బిగించాడు. మెడ నరాలు తేలాయి. స్వరం ఒక వెంట్రుక పైకి లేచి, వణికి, మళ్ళీ జారిపోయింది.

సైరన్ దిగి, మూలిగి, ఆగిపోయింది. వీధిలో వర్క్‌షాపు నుంచి ఇళ్ళకి వెళ్తున్న సైకిళ్ళ గంటలు వినబడ్డాయి.

“దానికి కూడా ఓల్టేజీ లేదేమో అడగండ్రా,” అంది దాలమ్మ.

ఎవరూ నవ్వలేదు. నవ్వరని తెలియగానే దాలమ్మ కూడా మొహం గోడ వైపు తిప్పుకుంది.

సుందరరావు మౌత్‌పీస్ ఊడదీశాడు. దాని మీద, పళ్ళు ఆనేచోట, సైకిలు ట్యూబు కోసి అతికించిన రబ్బరు ముక్క ఉంది. పన్ను జారకుండా శాక్సఫోన్ వాళ్ళు సన్నగా అతికించుకునేదే. ఆయన గోటితో దాన్ని ఒలిచాడు. దాని కింద ఇంకొకటి. దాని కింద మరొకటి. పన్ను నొప్పెట్టినప్పుడల్లా ఒక దిండు పెంచుతూ వచ్చాడు. దిండు పెరిగినకొద్దీ నోరు తెరుచుకుంది, నోరు తెరుచుకున్నకొద్దీ స్వరం కిందికి జారింది.

ఆ ముక్కలు మూడూ కీబోర్డు పక్కన పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళాడు.

శామ్సన్ లేవబోయాడు. లీలావతి వద్దన్నట్టు చెయ్యి ఊపి తను వెళ్ళింది.

ఆయన బట్టలు ఉతికే రాయి మీద కూర్చున్నాడు. తీగ మీద సంధ్య తెల్ల యూనిఫాం ఆరుతోంది. ఆమె పక్కన నిలబడింది.

“పాలు విరగలేదు కదూ?” అన్నాడు.

“లేదు.”

“ఊఁ.”

“కోపమా?”

“కోపం ఉండాలి. వెతుకుతున్నాను, దొరకడం లేదు.” చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఫిట్టరు చేతులు. రిటైరయ్యాక కూడా గోళ్ళ అంచున నలుపు పోలేదు. “నాకు దసరాకే తెలుసు లీలా. సైరన్‌కి అందడం లేదని. కచేరీ దాకా నెట్టుకొద్దామనుకున్నాను. మేం మేం వాయించుకుంటే ఎవరికి తెలుస్తుంది, నలుగురం కలిసే ఉన్నాం కదా అనుకున్నాను. పియానో సంగతి తరవాత వచ్చింది, అది మన కోసం కిందికి దిగదు.”

“పిల్లలకి చెప్పి ఉండాల్సింది. గిరి పాపం ఆరింటి దాకా చాయ్ కొట్లో కూర్చుంటున్నాడట.”

“చెప్తే నన్ను కూర్చోబెడతారు. నన్ను కూర్చోబెడితే బారిటోన్ ఎవరు పడతారు? జట్టు పోతుంది. అదీ భయం.” తల ఎత్తాడు. “కానీ ఒకటి చూశావా?”

“ఏంటి?”

“నేను రోజుకి ఇంత జారాను.” చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య కనపడనంత సందు చూపించాడు. “ఆ ముగ్గురూ రోజుకి అంతే జారారు. ఒక్కరోజు కూడా ఒక్కళ్ళు పైన ఉండిపోలేదు, ఒక్కళ్ళు కిందికి పడిపోలేదు. చెప్పుకోలేదు, చూసుకోలేదు. నన్ను వెతుక్కుంటూ ముగ్గురూ కలిసి కిందికి దిగి వచ్చారు. అలా వినడం ఎవరికి చాతవుతుంది లీలా? నేను నేర్పింది ఊదడం. ఇది నేను నేర్పలేదు.”

ఆయన గొంతులో సిగ్గు ఉంది. దాని మీద సిగ్గుని మించిన గర్వం ఉంది. లీలావతి ఆ మొహాన్ని చూసింది. శామ్సన్ పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో చూసిన మొహం అది.

“వాళ్ళని కింద వదిలేసి పోతారా మరి?” అంది.

ఆయన నాలికతో ముందు పళ్ళని తోసి చూసుకున్నాడు. లేచి, తీగ మీద యూనిఫాం ఆరిందో లేదో ముట్టుకు చూసి, తీసి మడత పెట్టి భుజం మీద వేసుకుని లోపలికి నడిచాడు.

ముందుగదిలో శామ్సన్, సంధ్య ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. గిరిధర్ కీబోర్డు వైరు చుడుతున్నాడు. చుట్టడం అయిపోయినా విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

“మీ నాన్నకి నేనే ఫోను చేస్తాలే గిరీ, భోంచేసి వెళ్ళు,” అంది లీలావతి.

భోజనాల దగ్గర దాలమ్మ కూడా నోరు మెదపలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఆ ఇంట్లో ఫ్యాన్ చప్పుడు వినబడుతుంది. లీలావతి అందరికీ అన్నం, వంకాయ కూర వడ్డించింది. సుందరరావు కంచం దగ్గరికి వచ్చి గరిటెతో ఆగింది.

“పొద్దుటి జావ ఉందా?” అన్నాడు.

“ఉంది. వేడి చెయ్యాలి.”

“అక్కర్లేదు, ఇలాగే పొయ్యి.”

చెంచాతో నెమ్మదిగా తాగాడు. అందరి కంచాల్లోనూ చేతులు కదులుతున్నాయి కానీ అన్నం తగ్గడం లేదు. సగం జావ అయ్యాక చెంచా గిన్నె అంచుకి ఆనించాడు.

“సంధ్యా, రేపు నీ డ్యూటీ ఎప్పుడు?”

“మధ్యాహ్నం మావయ్యగారూ.”

“అయితే పొద్దున్న నీతో ఆసుపత్రికి వస్తాను. రెండు పళ్ళూ తీయించేద్దాం.”

సంధ్య తల ఊపింది. ఆమె కళ్ళు కంచంలోకి వాలాయి.

“కచేరీ ఉంటుంది,” అన్నాడు సుందరరావు. గొంతు పెంచలేదు. కూర బాగుందన్నంత మామూలుగా అన్నాడు. “శామ్సన్ బారిటోన్ పడతాడు. వేళ్ళు అవే, ఊపిరి ఎక్కువ కావాలి, అంతే. గోడ వారగా నా కుర్చీలో కూర్చుంటాడు. స్వరం వాడిస్తాడు. మీరు వాణ్ణి చూసుకుని సర్దుకోవాలి.”

శామ్సన్ అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు. “నాన్నా, నేను...”

“రేపట్నుంచి రిహార్సల్ మళ్ళీ సైరన్ వేళకే. గిరీ, నువ్వు ఆ చాయ్ కొట్లో కూర్చోనక్కర్లేదు.”

“సరే మాస్టారూ,” అన్నాడు గిరిధర్.

“మరి ఈడు నీ కుర్చీలోకి జరిగితే,” అంది దాలమ్మ, శామ్సన్ వైపు గడ్డం ఎత్తి, మెల్లగా, “ఈడి కుర్చీలో ఎవులుంతార్రా?”

అందరూ అనుకుంటున్నదే ఆవిడ అడిగింది. శనివారానికి టెనర్ వాయించే మనిషి రాయపూర్‌లో ఎక్కడున్నాడు?

సుందరరావు గిన్నె ఎత్తి, మిగిలిన జావ తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు. లేస్తూ భార్య వంక చూశాడు. ఈసారి ఆ చూపులో అడగడం లేదు.

“ఒకటి ఖాళీగా ఉన్నా సరే, రేపు కుర్చీలు నాలుగూ వెయ్యి, లీలా,” అన్నాడు.